ముంపుకు ఓర్చిన వరి

ఋషికుల్య, బడానది కలిసేచోట అస్కా పట్టణం ఉంది. ఊరు దాటి ఏ వైపు వెళ్ళినా చెరుకు తోటలు, వాటి పక్కనే వరి మడులు కనిపిస్తాయి. వానలు కురిసి నేల నానగానే నాట్లు మొదలవుతాయి. నది నిదానంగా పారిన ఏడు గాదెలు నిండుతాయి. నది గట్లు దాటిన ఏడు మాత్రం నాటిన పైరు మీద మొలలోతు నీరు నిలుస్తుంది. మూడు నాలుగు రోజుల్లో ఆ నీరు తీస్తే రైతు ఊపిరి పీల్చుకొంటాడు. వారం, పది రోజులు దాటితే మడిలో మిగిలేది బురద, కుళ్ళిన గడ్డి. మళ్ళీ నారు పోద్దామంటే అప్పటికి అదను దాటిపోతుంది.

వరి నీటి పైరే కదా, నీటిలో మునిగితే ఎందుకు చచ్చిపోవాలి? ఈ సందేహం మీకు ఎప్పుడైనా కలిగిందా? వరికి కావలసింది మొదట్లో నీరు. తల కూడా మునిగితే దానికి గాలి చాలదు. బురద నీటిలో వెలుతురు కూడా అందదు. ఆకులు ఆహారం తయారు చేసుకోలేవు. అప్పుడు మామూలు వరి మొక్క ఎలాగైనా నీటిపైకి తల ఎత్తాలని గబగబా పొడుగు సాగుతుంది. కాండంలో దాచుకొన్న పిండిపదార్థాన్నంతా ఆ ఎదుగుదలకే ఖర్చు చేస్తుంది. నీరు త్వరగా తీస్తే బతుకుతుంది. తీయకపోతే ఉన్న నిల్వ కాస్తా అయిపోయి నీరసించి చస్తుంది. వరద తీసిన తరువాత పొలంలో సన్నగా, పొడుగ్గా, పాలిపోయి పడి ఉండే కాడలు మీరు చూసే ఉంటారు. అవి బతకడానికి పరుగెత్తి అలసిపోయిన మొక్కలు.

అన్ని వరి మొక్కలూ ఇలా చేయవు. ఒడిశా పల్లపు భూముల్లో రైతులు తరతరాలుగా పండించుకొంటూ వచ్చిన రకాల్లో ధలపుటియా అనేది ఒకటి. అందులో నుండి మేలైన మొక్కలను ఏరి, వాటి సంతతిని వేరుగా పెంచి, శాస్త్రజ్ఞులు ఒక శుద్ధమైన రకాన్ని తీశారు. దానికి ఎఫ్.ఆర్. 13 ఎ అని పేరు పెట్టారు. వరదను తట్టుకొనేది అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. ఈ మొక్క పూర్తిగా మునిగినప్పుడు పొడుగు సాగదు. ఉన్నచోటనే కదలక మెదలక, నిల్వను పొదుపుగా వాడుకొంటూ ఉంటుంది. తుపాను రాత్రి తలుపు గడియ వేసుకొని ఇంట్లో కూర్చొన్న మనిషిలాంటిది అది. రెండు వారాల దాకా అలా ఉండగలదు. నీరు తీయగానే కొత్త ఆకు వేస్తుంది.

ఇంత మంచి గుణం ఉన్న వరిని అందరూ ఎందుకు పండించలేదు? దాని దిగుబడి తక్కువ. గింజ కూడా నాణ్యమైనది కాదు. ఎకరానికి ఎన్ని బస్తాలు అని మాత్రమే లెక్క చూసేవారికి అది పనికిరాని వరి. అది పోయి ఉంటే ఎవరూ విచారించేవారు కాదేమో. కాని పోలేదు. రైతులు వేస్తూ వచ్చారు. పరిశోధకులు దాని విత్తనాన్ని దాచారు.

మన రాష్ట్రంలోని కటక్‌లో 1946లో కేంద్ర వరి పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1943 నాటి బెంగాలు కరువు చూసిన తరువాత, వరి పైరును గురించి శ్రద్ధగా పరిశోధించాలన్న ఆలోచన బలపడింది. దానిని జాతీయ వరి పరిశోధనా సంస్థ అని కూడా పిలిచారు. 1960లో ఫిలిప్పీన్స్ దేశంలోని లాస్ బాన్యోస్ అనే ఊరిలో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1970 తరువాతి సంవత్సరాల్లో అక్కడ అనేక దేశాల వరి రకాలను నీటిలో ముంచి పరీక్షించారు. ముంపుకు బాగా ఓర్చిన కొద్ది రకాల్లో మన ఎఫ్.ఆర్. 13 ఎ ఒకటి.

మొదట్లో దానిని మంచి దిగుబడినిచ్చే రకాలతో సంకరం చేశారు. ముంపును తట్టుకొనే గుణంతోపాటు అక్కరలేని గుణాలు కూడా వచ్చాయి. రైతులకు ఆ వరి నచ్చలేదు. తల్లిదండ్రుల నుండి పిల్లలకు గుణాలను మోసుకొనిపోయే సూక్ష్మమైన అంశాలను జన్యువులు అంటారని మీరు విజ్ఞానశాస్త్రంలో చదువుకొన్నారు. ముంపును ఓర్చే జన్యువు ఏది, అది ఎక్కడ ఉంది అని తెలిస్తే దానిని మాత్రమే ఎంచుకోవచ్చు. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మేకిల్ అనే శాస్త్రజ్ఞులు దాని స్థానాన్ని వరిలోని తొమ్మిదవ క్రోమోజోము మీద గుర్తించారు. దానికి సబ్-1 అని పేరు. 2006లో పమేలా రోనాల్డ్‌తో కలిసి వారి బృందం అందులోని అసలు జన్యువును పట్టుకొంది.

ఇక ఆ జన్యువును ఏ వరిలో చేర్చాలి? ఇక్కడ కథ మన తెలుగునేలకు వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులోని వరి పరిశోధనా కేంద్రం 1982లో స్వర్ణ అనే రకాన్ని విడుదల చేసింది. ఎరువు తక్కువ వేసినా బాగా పండడం దాని గొప్ప. అది గోదావరి దాటి, మహానది దాటి, గంగ ఒడ్డు దాకా వెళ్ళింది. ఒడిశా కోస్తాలో స్వర్ణ వేయని ఊరు అరుదు. వశిష్ట, మసూరి అనే రకాలు దాని తల్లిదండ్రులు. ఆ మసూరి పుట్టుక మరీ విచిత్రం. 1950 తరువాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనికతో కటక్‌లో ఒక సంకర పథకం నడిచింది. అందులో తైవాను వరిని, మలయా వరిని కలిపారు. ఆ విత్తనం మలయాకు వెళ్ళి, అక్కడ 1965లో మసూరి అనే పేరు పెట్టించుకొని, తిరిగి మన దేశం చేరింది. మనం మసూరి బియ్యం మన సొంతమనుకొంటాం. అనుకోవడంలో తప్పు లేదు గాని, దాని చుట్టాలు ఎన్ని దేశాల్లో ఉన్నారో చూడండి!

స్వర్ణను ఎఫ్.ఆర్. 13 ఎ వంశపు వరితో సంకరం చేశారు. పుట్టిన మొక్కల్లో సబ్-1 ఉన్నవాటినే ఏరి, మళ్ళీ స్వర్ణతోనే కలిపారు. ఇలా తరం తరువాత తరం చేయగా, ముంపును ఓర్చే గుణం మిగిలి, తక్కినవన్నీ స్వర్ణ గుణాలే అయ్యాయి. ఈ పనిని వివరిస్తూ 2007లో వెలువడిన పరిశోధనా వ్యాసంలో మొదటి పేరు హైదరాబాదు వరి పరిశోధనాలయానికి చెందిన సి.ఎన్. నీరజది. 2009లో స్వర్ణ-సబ్-1 మన దేశంలో రైతుల చేతికి వచ్చింది. ఒడిశా రైతు దాచిన గుణం, తెలుగు కేంద్రంలో పుట్టిన వరి ఫిలిప్పీన్స్‌లో కలిసి, మళ్ళీ ఒడిశా మడిలోకి వచ్చాయి.

ఇంతటితో ముంపు బాధ తీరిపోయిందని అనుకోకండి. సబ్-1 పైరు లేతగా ఉన్నప్పుడు వచ్చే వానాకాలపు ముంపుకే పనికి వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. అక్టోబరులో వరి పొట్ట మీదనో, వెన్ను మీదనో ఉంటుంది. అప్పటి వరదను తట్టుకోవడం ఈ జన్యువు వల్ల కాదు. సముద్రపు నీరు పొలంలోకి వస్తే ఉప్పును ఓర్చే వరి కావాలి; కేరళ ఉప్పు నేలల్లోని పొక్కాలి అలాంటిది. ఉల్లికోడు పురుగు సోకితే మరొక రకం కావాలి. వరంగల్లులో ఈశ్వరకోర అనే రకంతో సంకరం చేసి దానిని తట్టుకొనే వంగడాన్ని తీశారు. ఒక్కొక్క ఆపదకు ఒక్కొక్క విత్తనం. ఏ ఆపద ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి ఏ విత్తనం అక్కరకు వస్తుందో కూడా ముందుగా తెలియదు.

ఒక పైరులో ఇలా రకరకాల గుణాలు ఉండడాన్ని జన్యు వైవిధ్యం అంటారు. మన దేశంలో ఒకప్పుడు లక్షకు పైగా వరి రకాలు ఉండేవని అంచనా. 1966 తరువాత అధిక దిగుబడి రకాలు వచ్చాయి. అవి కోట్లమంది ఆకలి తీర్చాయి, కాదనలేము. కాని వంద రకాలు పండిన చోట నాలుగైదే మిగిలాయి. ఒకే రకం వేల ఎకరాల్లో ఉంటే, దానికి సోకిన తెగులు ఆ పొలాలన్నిటినీ చుట్టుముడుతుంది. 1970 ప్రాంతాల్లో ఆగ్నేయాసియా వరి పొలాల్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వ్యాపించింది. మొక్కలు గిడసబారి గడ్డిదుబ్బుల్లా అయిపోయాయి. శాస్త్రజ్ఞులు వేల నమూనాలు వెదికారు. చివరకు తెగులును తట్టుకొన్నది సాగు వరి కాదు. ఉత్తర ప్రదేశ్‌లో సేకరించిన నివారా అనే అడవి వరి. మనం కలుపు అని పీకి గట్టున పారవేసే జాతిది! దాని గుణాన్ని చేర్చుకొని 1976లో వచ్చిన ఐ.ఆర్. 36 ఆసియాలో లక్షల ఎకరాల్లో పండింది.

కాబట్టి విత్తనాలను దాచాలి. లాస్ బాన్యోస్‌లోని జన్యు నిధిలో 1,30,000కు పైగా వరి నమూనాలు ఉన్నాయి. గింజలను బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో మూసి, సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. అప్పుడప్పుడు కొన్ని గింజలు తీసి మొలక చూస్తారు. మొలక తగ్గితే పొలంలో వేసి కొత్త విత్తనం తీస్తారు. మనకు ఢిల్లీలో జాతీయ జన్యు నిధి ఉంది. 2008లో నార్వే దేశపు స్వాల్బార్డ్ దీవుల్లో, మంచు కరగని కొండ లోపల, ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. ఏ నిధికైనా ప్రమాదం జరిగితే అక్కడ మరొక ప్రతి ఉంటుంది.

ఇది వృథా జాగ్రత్త కాదు. 1970 తరువాత కంబోడియాలో జరిగిన యుద్ధంలో, ఆ తరువాతి దారుణ పాలనలో రైతులు విత్తనపు గింజలు కూడా పోగొట్టుకొన్నారు. అంతకు కొద్దిగా ముందే అక్కడి రకాలు కొన్ని ఫిలిప్పీన్స్ చేరి ఉన్నాయి. 1981 నుండి వాటిలో వందలాది రకాలు తిరిగి తమ దేశానికి వెళ్ళాయి.

అయితే చలిగదిలోని విత్తనం నిద్రలో ఉంటుంది. పొలంలోని విత్తనం ఏటా ఎండను, వానను, పురుగును చూసి వాటికి అలవాటు పడుతుంది. ఏ గింజ ఏ మడికి తగునో, ఏ అన్నం బాలింతకు మంచిదో, ఏ గడ్డి పశువు ఇష్టంగా తింటుందో ఆ సంచిలో ఉండదు. అది పండించేవారి నోట ఉంటుంది. 1955 తరువాత కటక్ శాస్త్రజ్ఞులు జయపురం ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా వరి రకాలు సేకరించారు. గంజాము లాగే జయపురం కూడా 1936 వరకు మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ రకాల్లో అనేకం ఇప్పుడు అక్కడి పొలాల్లో కనిపించవు.

కనిపించేవి కొన్ని ఉన్నాయంటే అందుకు అక్కడి గిరిజన స్త్రీలు కారణం. జయపురం దగ్గర పత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి అనే పరజా మహిళ ఊరూరా తిరిగి దేశవాళీ వరి విత్తనాలు సేకరించింది. ఆమె బడి చదువు చదివినది కాదు. అయినా దాదాపు వంద వరి రకాలను కాపాడింది. 2019లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 2024లో ఆమె మరణించింది. ఆమె, తోటి స్త్రీలు దాచిన విత్తనాలు ఇప్పటికీ కొరాపుట్ పొలాల్లో మొలుస్తున్నాయి. అడిగినవారికి గింజలిచ్చి, పంట చేతికి వచ్చాక మళ్ళీ గింజలే తీసుకోవడం అక్కడి పద్ధతి.

అభ్యాసం

1. నీట మునిగినప్పుడు మామూలు వరి ఏమి చేస్తుంది? ఎఫ్.ఆర్. 13 ఎ ఏమి చేస్తుంది? భేదం రాయండి.

2. స్వర్ణ-సబ్-1 ఉండగా అక్టోబరు తుపానుకు పంట ఎందుకు దెబ్బతింటుంది?

3. "చలిగదిలోని విత్తనం నిద్రలో ఉంటుంది." ఈ వాక్యాన్ని మీ సొంత మాటల్లో వివరించండి.

4. మీ తాతయ్యను, మామ్మను, ఊరిలోని పెద్దలను అడిగి వారి చిన్ననాడు పండిన వరి రకాల పేర్లు తెలుగులోను, ఒడియాలోను రాసుకొని రండి. వాటిలో ఇప్పుడు ఎవరి పొలంలో ఏది ఉందో కనుక్కోండి.