ఫిర్యాదుకూ మెట్లున్నాయి

మాది వ్యవసాయ కుటుంబం. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ చివరి భూములు మావి. పైవాళ్లు తూములు తెరుచుకుంటే మా చేలకు నీరందదు. అప్పుడు మా నాన్న ముందు లష్కరుకి చెప్తాడు. అక్కడ పని కాకపోతే ఇంజనీరుగారికి అర్జీ పెడతాడు. తిన్నగా కలెక్టరాఫీసుకి పోడు. "కింద అడిగినవా అని ఎనక్కి పంపుతరు" అంటాడు. ఈ మాట నిరుడు నా చదువులో అక్కరకొచ్చింది.

రెండో సెమిస్టర్ మెమోలో నేను కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి ఆబ్సెంట్ అని పడింది. నేను ఆ రోజు టైట్రేషన్ చేసి, రీడింగులు రాసి, సంతకం పెట్టి వచ్చినవాణ్ణే! డిపార్ట్‌మెంటులో అడిగితే పరీక్షల విభాగానికి పొమ్మన్నారు. అక్కడివారు డిపార్ట్‌మెంటే పంపాలన్నారు. ఇలా రెండు నెలలు తిరిగాను. బంజారాహిల్స్‌లో నేనుండేది మా మేనమామ గదిలో. ఆయన సినిమా షూటింగుల్లో లైట్‌మన్. ఒక రాత్రి అంతా విని ఒక్కటే అడిగాడు: "అల్లుడా, కాయితం రాసిచ్చినవా?"

ఇవ్వలేదు. అప్పుడు కూర్చుని నిబంధనలు చదివాను. వాటి సారాంశమే ఈ వ్యాసం.

అంబుడ్స్‌మన్ అంటే ఎవరు?

ఇది స్వీడన్ దేశపు మాట. అధికారులు చట్టం ప్రకారం నడుస్తున్నారో లేదో చూసేందుకు అక్కడ 1809లో ఈ పదవి ఏర్పడింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1983లో వచ్చిన లోకాయుక్త చట్టం ఆ కోవలోదే. విద్యార్థుల కోసం ఇటువంటి పదవి కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో 1965లో మొదలైంది.

మన దేశంలో యూజీసీ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం మొదటి మెట్టు కమిటీ. ఒక ప్రొఫెసర్ అధ్యక్షులు, నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులు. వారిలో ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ వర్గాల నుంచి ఒకరు తప్పనిసరి. ఒక విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు 15 రోజుల్లోగా కమిటీకి చేరాలి. కమిటీ సాధ్యమైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి.

దానితో తృప్తి లేకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఆయన విశ్రాంత వైస్ ఛాన్సలరో, విశ్రాంత ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో అయివుండాలి. ఆ సంస్థతో స్వార్థ సంబంధం ఉండరాదు. 30 రోజుల్లో తేల్చాలి.

ఏవి అడగవచ్చు?

సర్టిఫికెట్లు పట్టి ఉంచడం, ఫీజు వాపసు ఇవ్వకపోవడం, స్కాలర్‌షిప్ జాప్యం, రిజర్వేషన్ల ఉల్లంఘన, ఫలితాల ఆలస్యం — ఇవన్నీ వస్తాయి. "నాకు ఇంకా మార్కులు రావాలి" అంటే మాత్రం కుదరదు. మూల్యాంకనంలో ఫలానా అక్రమమో వివక్షో జరిగిందని చూపాలి. అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్యకు సిఫారసు చేయవచ్చు కూడా.

మా గదికి దగ్గర్లో, జూబ్లీహిల్స్‌లో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పుట్టిన, దేశంలోకెల్లా తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయమిది. దూరవిద్య చదివేవారు ఎక్కడో జిల్లాల్లో పనిపాటలు చేసుకుంటూ ఉంటారు. ఆఫీసుల చుట్టూ రెండు నెలలు తిరిగే వీలు వాళ్లకెక్కడిది? రాతపూర్వకమైన ఫిర్యాదు, గడువు వాళ్లకు మనకంటే ఎక్కువ అవసరం.

ఇక నా సంగతి. పరీక్ష తేదీ, బ్యాచ్ నంబరు వేసి కమిటీకి అర్జీ రాశాను. నకలు మీద ముద్ర వేయించుకున్నాను. మూడు వారాల్లో హాజరు పట్టీ బయటపడింది, మెమో మారింది. అంబుడ్స్‌పర్సన్ దాకా పోవలసిన పనే పడలేదు. పైన ఒక మెట్టు ఉందంటే కింది మెట్టు మీదివాళ్లు కాగితం కదిలిస్తారని నాకు తోస్తుంది.

కాని నా బ్యాచ్‌లోనే ఇంకొకడికీ ఇదే పొరపాటు జరిగింది. వాడు ఎవరినీ అడగలేక, మళ్లీ ఫీజు కట్టి పరీక్ష రాశాడు. వాడి నాన్న కూడా రైతే. నేను చదివిన నిబంధనల సంగతి వాడికి ముందే చెప్పనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

అందుచేత మన యూనియన్‌కి నా మనవి ఒకటే. కమిటీ సభ్యుల పేర్లు, అంబుడ్స్‌పర్సన్ చిరునామా నోటీసు బోర్డు మీద ఉండేటట్లు చూడండి. కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదటి అర్జీ రాయడంలో తోడుండండి.