ముందు ఇంజిన్, తర్వాతే నీళ్లు

నీళ్ల మీద తిరగడానికే పుట్టిన బండి జెట్ స్కీ. కానీ ఆ నీళ్లే ఇంజిన్‌లోకి వెళ్తే దాని పని అయిపోయినట్టే. విచిత్రం ఏంటంటే, నీళ్లు ఎప్పుడూ పైనుంచే రావు. ఎగ్జాస్ట్ దారిలో, అంటే పొగ బయటికి పోయే దారిలోనే, వెనక్కి వస్తాయి. అదెలాగో చూద్దాం.

కారుకి ఉన్నట్టు దీనికి గాలి తగిలే రేడియేటర్ ఉండదు. అడుగునున్న జెట్ పంపు నీటిని లాగి వేగంగా వెనక్కి చిమ్ముతుంది, బండి ముందుకెళ్తుంది. అందులోంచే కొంత నీటిని గొట్టం ద్వారా చల్లబరచడానికి మళ్లిస్తారు. చాలా మోడళ్లలో ఆ నీళ్లు ఇంజిన్‌నీ ఎగ్జాస్ట్‌నీ చల్లార్చుతాయి. సీ-డూ ఫోర్-స్ట్రోక్ బళ్లలో ఇంజిన్‌కి విడిగా కూలెంట్ ఉంటుంది, అయినా ఎగ్జాస్ట్‌ని చల్లార్చేది బయటి నీళ్లే. చివరికి పొగ, నీళ్లు కలిసి వాటర్ బాక్స్ అనే డబ్బాలోకి చేరి, అక్కడినుంచి బయటికి పోతాయి.

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. ఆ డబ్బాలోంచి నీళ్లను బయటికి నెట్టేది ఇంజిన్ వదిలే పొగ. ఇంజిన్ ఆగిపోయి నీళ్లు మాత్రం వస్తూ ఉంటే డబ్బా నిండి, అవి సిలిండర్లలోకి ఎక్కుతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు. అప్పుడు స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

అందుకే ఉప్పు పోవడానికి ఒడ్డున పైపు పెట్టి కడిగేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, వెంటనే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, తర్వాత ఇంజిన్ ఆపాలి. మనం డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన స్టాక్ లాంటిదే ఇది: చివర వచ్చింది ముందు పోవాలి.

ఆగిపోయిన బండిని వేగంగా లాక్కెళ్లినా ఇదే ప్రమాదం. పంపులోంచి నీళ్లు బలవంతంగా ఎగ్జాస్ట్‌లోకి వెళ్తాయి. కాబట్టి మెల్లగా లాగాలి, మాన్యువల్ చెప్పిన చోట ఆ గొట్టానికి క్లాంప్ పెట్టాలి. బోల్తా పడితే వెనక స్టిక్కర్ మీద బాణం చూపించిన వైపే తిప్పాలి. రెండోవైపు తిప్పితే డబ్బాలోని నీళ్లు ఇంజిన్‌లోకి పోవచ్చు.

నీళ్లు అసలు రాకపోయినా కష్టమే. పాలిథిన్ కవరో నాచో అడ్డుపడితే ఎగ్జాస్ట్ వేడెక్కి రబ్బరు గొట్టాలు కాలిపోతాయి. గొట్టం చిల్లుపడితే పొగ, నీళ్లు బండి లోపలే చేరతాయి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, ప్రాణం మాత్రం తీయగలదు. అందుకే వార్నింగ్ బీప్ వినిపించినా, కాలిన రబ్బరు వాసన వచ్చినా వెంటనే ఇంజిన్ ఆపాలి.

నీళ్లు లోపలికి వెళ్లాయని అనుమానం వస్తే స్టార్ట్ బటన్ మాత్రం నొక్కకండి. మెకానిక్ ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి కొట్టిస్తాడు. అప్పటిదాకా ఆగితే ఇంజిన్ దక్కొచ్చు.