జెంతూ శబ్ద విచారము

మన భాషకు ఆంధ్రము, తెనుగు, తెలుగు అను నామములు ప్రసిద్ధములు. చెన్నపట్టణపు ఆంగ్లేయులు ఒకప్పుడు దీనిని ‘జెంతూ’ అని వ్యవహరించిరి. 1816లో వెలువడిన కాంబెల్ వ్యాకరణపు ముఖపత్రమున, తెలుగు సామాన్యముగా జెంతూ అనబడునని కలదు. మరుసటి యేట విలియం బ్రౌన్ ప్రకటించిన వ్యాకరణమునకు జెంతూ భాషా వ్యాకరణమనియే పేరు.

ఈ మాట ఎక్కడిది? 1776లో హిందూ ధర్మశాస్త్ర సంగ్రహమును ఆంగ్లమున ప్రకటించిన హాల్‌హెడ్, ఇది సంస్కృత ‘జంతు’ శబ్దమునుండి వచ్చియుండవచ్చునని ఊహించెను. జంతువనగా పుట్టినది, పశువునకే కాక మనుష్యునికిని చెల్లును. గీత ఐదవ అధ్యాయమున అజ్ఞానముచే మోహము చెందువారిని ఈ శబ్దముతోనే చెప్పిరి. కావున జెంతూ యనగా పశువని రోషపడ నక్కరలేదు. హాల్‌హెడ్ ఊహయు నిలువదు.

పోర్చుగీసు భాషలో ‘జెంతియో’ యనగా అన్యమతస్థుడు. దానికి మూలము లాటిను ‘జెంతిలిస్’. దానికిని మూలము వంశమను అర్థముగల ‘జెన్స్’. యూదుల ‘గోయ్’ శబ్దమునకు మొదట జాతి యనియే అర్థము. ఇశ్రాయేలునకు సైతము వాడబడినది. పిమ్మట ఇతర జాతులకు పరిమితమయ్యెను. క్రైస్తవులు లాటినులో ఆ యితరులను జెంతిలిస్ వర్గమనిరి. జెన్స్, జన, జాతి, జంతు శబ్దము లన్నియు ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవే. దాయాదులే కాని, జంతువు జెంతూకు తండ్రి కాదు. ‘పేగన్’ అను మరియొక మాటకు మూలార్థము పల్లెవాసి. మన ఆలంకారికులు గ్రామ్యమును దోషముగా నెంచుటను ఇది స్మరింపజేయును.

1498లో కోళికోడు చేరిన పిదప పోర్చుగీసువారు మహమ్మదీయులను మూరులనిరి, తక్కినవారిని జెంతియోలనిరి. తూర్పు తీరమున ఆంగ్లేయుల నోట తమిళులు ‘మలబారులు’, తెలుగువారు ‘జెంతూలు’ అయిరి. మతమును సూచించు మాట భాషకు పేరయ్యెను! 18వ శతాబ్దమున చెన్నపట్టణమున షుల్జ్ అను జర్మను మతబోధకుడు బైబిలును అనువదించినది ఈ ‘అన్యమతస్థుల’ భాషలోనికే. నేడు రామకృష్ణాపూర్ వంటి గనుల పట్టణములలో సమ్మక్క జాతరకు పోవువాడును, ఆదివారము ప్రార్థనకు పోవువాడును పలుకునది ఒకే తెలుగు. భాషకు మతమును అంటగట్టుటయే ఆ పేరులోని అసలు దోషము.

పరులనే తప్పుపట్టుట న్యాయము కాదు. అశోకుని శాసనములలో ‘పాషండ’ మనగా ఏ మతశాఖయైనను సరియే. అన్ని పాషండములను గౌరవింపవలెనని ఆ రాజు చెక్కించెను. తరువాతి గ్రంథములలో అది వేదబాహ్యుని నిందించు మాటయైనది.