బీగానికి చెవి ఎందుకుంది?

బాగేపల్లిలో ఏ ఇంట్లోనైనా సాయంత్రం ఒక గంట కూర్చోండి. ఆవును కట్టెయ్ అంటుంది అవ్వ. ఫ్యాను కట్టెయ్ అంటుంది అమ్మ. కరెంటు బిల్లు కట్టెయ్ అంటాడు నాయన. ఒకటి తాడుతో పని, ఒకటి స్విచ్చితో పని, మూడోది డబ్బుతో పని. అయినా ఏ పిల్లవాడూ ఫ్యానుకు తాడు కట్టలేదు. వాకిలెయ్ అంటే మూస్తాడు, లైటెయ్ అంటే వెలిగిస్తాడు. మూయడానికీ వెలిగించడానికీ అదే ‘వెయ్యి’. ఎవరూ నేర్పలేదు, వాడెవర్నీ అడగలేదు.

వాడే పెద్దయి బెంగళూరులో ఉద్యోగంలో చేరతాడు. మొదటి వారంలోనే ‘యువర్ టికెట్ ఈజ్ క్లోజ్డ్’ అని మెయిల్ వస్తుంది. తన ఫిర్యాదును మూసి పారేశారనుకుని ముఖం వేలాడేస్తాడు. నిజానికది పని పూర్తయిందన్న కబురు. డీల్ క్లోజ్ అయితే ఆఫీసులో మిఠాయిలు పంచుతారు. ఫ్యాక్టరీ క్లోజ్ డౌన్ అయితే కార్మికుల ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. ఇక క్లోజ్ ఫ్రెండ్ అంటే దగ్గరివాడు. అక్కడ చివర ‘జ్’ కాదు, ‘స్’ పలకాలి. మనవాళ్ళలో సగం మందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

లోపం తెలివిలో లేదు, నోటుబుక్కులో ఉంది. మధ్యలో గీత కొట్టి ఎడమవైపు క్లోజ్, కుడివైపు మూయు అని రాసుకుంటూ పెరిగాం. ఒక మాటకు ఒకే అర్థం అనే నమ్మకం ఆ గీత దగ్గర పుట్టింది. ముందు దాన్ని చెరిపేయండి.

ఫాస్ట్ అనే మాట చూడండి. వేగం అని చిన్న పిల్లలకూ తెలుసు. కానీ దాని పాత అర్థం గట్టిగా, కదలకుండా అని. బిగించడమనే అర్థమున్న ఫాసెన్ అక్కణ్ణుంచే వచ్చింది. అందులో ‘టి’ రాస్తారు గానీ పలకరు. ఫాస్ట్ అస్లీప్ అంటే తొందర తొందరగా నిద్రపోవడం కాదు, ఒళ్ళెరగని నిద్ర. శిడ్లఘట్ట పట్టుకు వేసే రంగు ఫాస్ట్ కలరైతే ఉతికినా వదలదు. ఉపవాసమూ ఫాస్టే. బాగేపల్లి టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు అద్దం మీది ఫాస్టాగ్ వైపు ఒకసారి చూడండి. అది అద్దానికి గట్టిగా అంటుకుని ఉంటేనే మనం వేగంగా ముందుకు పోతాం. రెండర్థాలూ ఒకే చీటీలో ఉన్నాయి. పేరు పెట్టినవాళ్ళకు ఈ చమత్కారం తట్టిందో లేదో గానీ నాకు మాత్రం టోల్ కట్టిన బాధ కాస్త తగ్గుతుంది.

ఇలాంటి రెండు నాల్కల మాటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. తలుపుకు బోల్ట్ వేస్తే కదలదు, గుర్రం బోల్ట్ అయితే దొరకదు. బెల్టును బకిల్ చేస్తే బిగుస్తుంది, ఇనుప దూలం బకిల్ అయితే వంగిపోతుంది. కాగితాలకు క్లిప్ పెడితే కలుస్తాయి, గోళ్ళను క్లిప్ చేస్తే తెగి పడతాయి. బౌండ్ అంటే కట్టుబడినవాడు, బెంగళూరు బౌండ్ అంటే అటు బయల్దేరినవాడు. వీటిని బట్టీ పడితే ఇంటర్వ్యూలో కూర్చోగానే తారుమారవుతాయి.

మరి ఎలా? ముద్దేనహళ్ళిలో పుట్టి చిక్కబళ్ళాపూర్ బడిలో చదివిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య దగ్గర దీనికో దారి దొరుకుతుంది. ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లను 1903లో పూణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి బిగించారు. నీరు ఒక మట్టం దాటితే అవే తెరుచుకునేవి, తగ్గితే అవే మూసుకునేవి. గేటు తెరిచి ఉండాలా మూసుకోవాలా అన్నది నీటి మట్టమే తేల్చేది. మాట కూడా అంతే. చుట్టూ ఉన్న వాక్యమే దానికి నీరు. బోల్ట్ పక్కన తలుపుందా గుర్రముందా చూడండి, అర్థం దానంతటదే తెరుచుకుంటుంది.

మన చిక్కబళ్ళాపూర్ ప్రాంతం వాళ్ళకు ఈ విద్య పుట్టుకతోనే ఉంది. చింతామణి పెళ్ళింట్లో ‘బీగరు బందరు’ అని కన్నడంలో కేక వేస్తే ఎవరూ బీగాలు వెతకరు, వియ్యంకులకు కాళ్ళు కడుక్కోను నీళ్ళిస్తారు. కవి, యోగి కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ రాశారు. రెండు భాషల నడుమ రోజుకు వందసార్లు గడప దాటే నోటికి మూడోది భారమా?

అన్నట్టు, మనం బీగంచెవి అనేదాన్నే కన్నడిగులు బీగద కై అంటారు. ఒకరికది చెవి, ఒకరికది చెయ్యి. హిందీ చాబీ పోర్చుగీసు నుంచి వచ్చింది గనుక మన చెవినీ దానితో ముడిపెట్టేవాళ్ళున్నారు. పెట్టనివ్వండి. నాకు మాత్రం రెండూ కావాలి. కొత్త మాట ముందు చెవిన పడాలి, తర్వాత చేతికి రావాలి. ఇంగ్లీషు వార్తలు రోజూ పది నిమిషాలు వినండి. దొరికిన మాటను ఒంటరిగా రాసుకోకండి, జోడీతో రాయండి: క్లోజ్ ఎ డీల్, క్లోజ్ ఎన్ అకౌంట్, క్లోజ్ ది డోర్. ప్రతి జోడీకీ మీ ఇంటిదో మీ పనిదో ఒక సొంత వాక్యం అల్లండి. మీటింగులో అర్థం కాకపోతే తలాడించకండి. ఏ అర్థంలో అన్నారని అడిగేయండి. అడిగినవాణ్ణి చూసి ఆ గదిలో ఇంకో ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు.

సిగ్గు అడ్డొస్తే గౌరిబిదనూరు తాలూకా హొసూరు నుంచి చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళిన హెచ్. నరసింహయ్యను తలచుకోండి. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరైన మనిషి ఆయన. అమెరికాలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి వచ్చాక కూడా హాస్టల్ గదిలోనే బతికారు. అలాంటివాడే సిగ్గుపడకపోతే, ఒక మాటకు అర్థం అడగడానికి మనకెందుకు సిగ్గు?

ఈ రాత్రి ఒక పని చేయండి. బీగం వేసి పడుకునే ముందు, మీ ఇంట్లో ‘కట్టు’ను ఎన్ని రకాలుగా వాడుతున్నారో కాగితం మీద రాయండి. ఇల్లు, చీర, తాళి, మూట, ఫీజు, జట్టు... పది దాటకపోతే అవ్వను అడగండి.