త్రోవ ప్రక్కనున్న దివ్యక్షేత్రములు

తిరుమల, శ్రీరంగము, పూరీ, బదరి మున్నగు మహాక్షేత్రములను జీవితమున ఒక్కమారైనను సేవింపవలెనని కోరుకొనని వైష్ణవ గృహస్థుడుండడు. ఆ కోరిక యుక్తమైనదే. ఏండ్ల తరబడి ముడుపు కట్టి, పిల్లలను వృద్ధులను వెంటబెట్టుకొని, వరుసలో గంటలకొలది నిలిచి, క్షణకాలము స్వామిని దర్శించి యాత్రికులు కృతార్థులగుచున్నారు. కాని ఆ మహాక్షేత్రములకు పోవు త్రోవ ప్రక్కనే, సొంత జిల్లాలోనే, కొన్ని వేళల సొంత ఊరి పొలిమేరలోనే వెలసియున్న పురాతన దివ్యస్థలములను పలువురు చూడకయే దాటిపోవుచున్నారు. "అది చిన్న గుడి, మరియొకమారు చూతములే" అనుమాట తరచుగా వినబడుచుండును. గుడి చిన్నదైనంత మాత్రమున అందలి స్వామి చిన్నవాడగునా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినగాని యాత్రాఫలము పూర్ణము కాదు.

భగవంతుని స్థితి ఐదు విధములని పాంచరాత్రాగమము చెప్పుచున్నది. అవి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములు. శ్రీవైష్ణవాచార్యులగు పిళ్లై లోకాచార్యులవారు శ్రీవచనభూషణమున వీనిని దప్పికగొన్నవానికి గావలసిన నీటితో పోల్చి బోధించిరి. అంతర్యామి భూగర్భమునందలి జలము వంటివాడు. అది దగ్గరనే యున్నను, త్రవ్వుకొను శక్తి గలవానికే దక్కును. పరవాసుదేవుడు బ్రహ్మాండమునకు వెలుపలనున్న ఆవరణ జలము వంటివాడు. వ్యూహమూర్తి పాలసముద్రము వంటివాడు. రామకృష్ణాది విభవావతారములు నిండుగా పారిన ఏటి వరద వంటివి. ఆ కాలమున నున్నవారు త్రాగి తృప్తిపొందిరి, వెనుక పుట్టినవారికి ఆ వరద లేదు. ఇక అర్చావతారమో, ఆ వరద తీసిన పిమ్మట మడుగులలో నిలిచిన నీరు. పార పట్టి త్రవ్వనక్కరలేదు, సముద్రము దాటనక్కరలేదు. వంగి దోసిలి పట్టినచో చాలును.

ఈ ఉపమానమును చక్కగా మనసున నిలుపుకొనవలెను. మడుగు పెద్దదైనను చిన్నదైనను నీరు ఒక్క ఏటిదే. కనుక మహాక్షేత్రమునందు పూర్ణుడై, పల్లెయందు అపూర్ణుడై స్వామి యుండడు.

నూటయెనిమిది దివ్యదేశములలో తెలుగునేల నున్నవి తిరుమల, అహోబిలము అను రెండే. తక్కినవి ఆళ్వారుల పాశురములకెక్కలేదు గనుక వానికి మహిమ తక్కువయని కొందరు తలతురు. అది పొరపాటు. ఆళ్వారులు పెద్ద పట్టణములను మాత్రమే పాడినవారు కారు. చెరువుగట్లపై, వరిచేల నడుమ వెలసిన చిన్న ఊళ్ల పెరుమాళ్లనుగూడ పాడిరి. తాళ్లపాక అన్నమాచార్యులవారు తిరువేంకటనాథునికే తమ జీవితమును అంకితము చేసియు, కడప వేంకటేశ్వరుని, ఒంటిమిట్ట రఘురాముని, అహోబల నృసింహునిగూడ కీర్తించిరి. పెద్దల దృష్టి అట్టిది.

తెలుగు నేలపైనున్న అట్టి క్షేత్రములు కొన్ని ఇట స్మరణీయములు.

తిరుపతికి సుమారు 70 కిలోమీటర్ల దూరమున నాగలాపురము గలదు. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాదేవి పేర నిలిపిన ఊరిది. ఇచ్చటి శ్రీ వేదనారాయణస్వామి మత్స్యావతార మూర్తి. నడుము పైభాగము దివ్యపురుషాకారము, క్రింది భాగము మత్స్యాకారము. సోమకాసురుడు అపహరించిన వేదములను తెచ్చి బ్రహ్మకు అందించిన స్వామి ఇచ్చట శ్రీదేవీ భూదేవీ సమేతుడై యున్నాడు. ఆలయము పశ్చిమాభిముఖము. ప్రతి సంవత్సరము మార్చి మాసమున, విషువత్కాలమునకు సమీప దినములలో, సూర్యుడు దాదాపు నేరుగా పడమటనే అస్తమించును. అప్పుడు సాయంకాల కిరణములు గోపురద్వారము గుండా వచ్చి, ప్రాకారములు దాటి, గర్భాలయమును ప్రవేశించును. మొదటి దినమున స్వామి పాదములను, రెండవ దినమున నాభిని, మూడవ దినమున శిరస్సును ఆ కిరణములు స్పృశించుననియు, ఇది సూర్యభగవానుడు స్వయముగా చేయు పూజయనియు భక్తులు భావింతురు. నాటి స్థపతుల గణితజ్ఞానమును, భక్తిని ఒక్కచోట చూడగోరువారు ఈ సూర్యపూజను దర్శింపవలెను.

ఉత్తరమున శ్రీకాకుళము పట్టణమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున శ్రీకూర్మము గలదు. విష్ణువును కూర్మాకృతియందే ప్రధానమూర్తిగా అర్చించు ఆలయములు మిక్కిలి అరుదు. వానిలో ఇది ప్రసిద్ధము. స్వామి పశ్చిమాభిముఖుడు. తూర్పునను పడమటను రెండు ధ్వజస్తంభములుండుట ఇచ్చటి విశేషము. స్తంభములపై కళింగ గాంగరాజుల కాలపు శాసనములు పెక్కు గలవు. మధ్వాచార్యుల శిష్యులగు నరహరితీర్థులవారు స్వామి సన్నిధిని యోగానంద నృసింహుని ప్రతిష్ఠించినట్లు 1281వ సంవత్సరపు శాసనము తెలుపుచున్నది. రామానుజ సంప్రదాయము, మధ్వ సంప్రదాయము రెండును సేవించిన సన్నిధి యిది. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు సంచరించుచుండును. వానిని భక్తితో చూడవలెనేగాని చేత పట్టరాదు.

గోదావరి పాయల నడుమ కోనసీమలో ర్యాలి యను గ్రామము గలదు. ఇచ్చటి జగన్మోహినీ కేశవస్వామి ఏకశిలామూర్తి. ముందు చూచిన కేశవుడు, వెనుక చూచిన కొప్పు ముడిచిన మోహిని. మోహిని కొప్పునుండి పూవు రాలిన చోటు గావున ర్యాలి యయ్యెనని స్థలపురాణము. ఎదుటనే ఉమాకమండలేశ్వరుడు వెలసియున్నాడు.

ఇక కృష్ణాజిల్లా శ్రీకాకుళము. ఉత్తరాంధ్ర పట్టణముతో పేరు కలిసినందున పలువురు దీనిని ఎరుగరు. ఘంటసాల సమీపమున కృష్ణాతీరముననున్న ఈ గ్రామమున ఆంధ్రమహావిష్ణువు కొలువైయున్నాడు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సందర్భమున ఇచ్చటికి వచ్చి, ఏకాదశీ వ్రతమొనర్చి, స్వప్నమున స్వామిని దర్శించినట్లు ఆముక్తమాల్యదలో చెప్పుకొనెను. శ్రీరంగమున జరిగిన గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని స్వామి ఆనతిచ్చెను. ఆ కావ్యమును తిరువేంకటనాథునికి అంకితమిమ్మనెను. ఆ మూర్తికిని తనకును పేరొక్కటే భేదమని స్వామి తెలిపెను. గుడి చిన్నదైన స్వామి చిన్నవాడా యను ప్రశ్నకు ఇంతకంటె సమాధానమేమి గావలెను? ఈ స్వామి మీదనే కాసుల పురుషోత్తమకవి నిందాస్తుతి మార్గమున ఆంధ్రనాయక శతకము చెప్పెను. నిత్యము చూచి, తనవాడని చనువు గొన్న భక్తుడే స్వామిని అట్లు నిందింపగలడు.

ఇచ్చట మరియొక విషయము విచారింపదగియున్నది. అర్చావతారమున స్వామి భక్తపరాధీనుడు. స్నానము, ఆహారము, నిద్ర, మేలుకొలుపు, అన్నియు భక్తుల చేతులయందే ఉంచినాడు. నీరు తెచ్చువారు రాకున్న తాను వేచియుండును. యాత్రికులు రానిచోట మొదట పూలమ్మువాడు వెడలిపోవును. పిమ్మట ఉత్సవము నాలుగు దినములనుండి ఒక దినమునకు తగ్గును. అటుపై అర్చకుని కుమారుడు బ్రతుకుతెరువు వెదకికొనుచు పట్టణము చేరును. వానితోడనే ఆ గుడి సేవాక్రమము, పరంపరగా వచ్చిన స్థలపురాణము నోటిమాటగానే అంతరించును. మడుగు పూడిపోయిన, ఆ దోషము ఏటిది కాదు, గట్టున నున్నవారిది.

కనుక గృహస్థులు మహాక్షేత్రమునకు ప్రయాణము కట్టునపుడెల్ల, త్రోవలోని యొక చిన్న క్షేత్రమును గూడ సంకల్పమున చేర్చుకొనుట మేలు. అట్టి ఆలయములు మధ్యాహ్నము మూసియుండును గావున ఉదయమో సాయంకాలమో పోవలెను, వీలైన అర్చకునకు ముందుగా తెలుపవలెను. తులసి, నూనె, నేయి, పండ్లు తీసికొనిపోవలెను. అనుమతిలేక ఛాయాచిత్రములు తీయరాదు. స్థలపురాణమును అర్చకుని నోట పిల్లలకు వినిపింపవలెను. మోకాళ్ల నొప్పిచే వరుసలో నిలువలేని వృద్ధులు ఇచ్చట స్వామి ఎదుట కూర్చుండి, తృప్తిదీర పాదాదికేశము సేవింపవచ్చును. ఆ భాగ్యము జనసమ్మర్దమున దొరకదు.

అంతకు ముందు చేయవలసిన యాత్ర ఒకటి గలదు. అది సొంత ఊరి గుడికి. అచ్చటి స్వామి తిరునామమేమి, ఏ ఆగమమున అర్చనలందుచున్నాడు, ఏ తిథిని కల్యాణము జరుగును అని ఇంటిలోని పిల్లలనడిగినచో ఎందరు చెప్పగలరు? అది తెలిసికొని, అచ్చట ఒక దీపము వెలిగించి బయలుదేరిన యాత్రికునకు ఏ త్రోవ ప్రక్కనున్న గుడియు చిన్నదిగా తోపదు. అట్టి దృష్టిని శ్రియఃపతి ఎల్లరకు ప్రసాదించుగాక!