జీతపు కోత – బీమా లెక్క



మన రామన్నపేట ప్రాంతమున అనేక కుటుంబములయందు ఒకరు పొలము చూచుకొనుచుండగా, మరియొకరు చౌటుప్పలు, బీబీనగరము వైపు కార్ఖానాలలో పనికి పోవుచున్నారు. కావున ఈ నెల ఎరువులను విడిచి, జీతమునుండి వైద్యబీమాకై కోయబడు పైకమును గూర్చి వ్రాయుచున్నాము.

గత వేసవిలో మన సభ్యుడొకడు తన కుమారుని జీతపు చీటీలు తెచ్చి మాకు చూపెను. అన్నింటను బీమా కోత కలదు. కుమారునికి కామెర్లు సోకి ఆసుపత్రికి పోగా, వాని పేర బీమా నంబరే లేదని తెలిసెను. తండ్రి పాడిబర్రెను అమ్మి వైద్యపు ఖర్చు కట్టెను. ఎనిమిది నెలలు ఆ చీటీలను చూచియు వారు నంబరు అడుగలేదు. అడుగుడని మేమును ఎన్నడు చెప్పలేదు. తరువాత వ్రాతమూలముగా అడుగగా నంబరు వచ్చినది. బర్రె మాత్రము తిరిగి రాలేదు.

చట్టము: ఇ.ఎస్.ఐ. అను ఈ బీమా 1948 నాటి చట్టముచే ఏర్పడి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమయ్యెను. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చి, ఈ నియమములు అందు చేరినవి. సాధారణముగా పదిమందియు అంతకు మించియు పనివారున్న సంస్థలకు ఇది వర్తించును. జీతపు పరిమితి 2017లో నెలకు రూ. 21,000గా నిర్ణయింపబడెను.

చందా: 2019 జూలైలో పనివాని వాటా నూటికి 75 పైసలుగను, యజమాని వాటా నూటికి రూ. 3.25గను నిర్ణయమైనవి. రూ. 12,000 జీతమునకు పనివాని వాటా రూ. 90, యజమాని వాటా రూ. 390, వెరసి రూ. 480. యజమాని తన వాటాను పనివాని జీతమునుండి కోయరాదు. రెండు వాటాలను మరుసటి నెల 15వ తేదీలోగా కట్టవలెను. కోసిన పైకము అతని చేతిలోని అప్పగింతయే గాని అతని సొమ్ము గాదు.

ఫలము: పనివానికే గాక భార్యాబిడ్డలకును, నియమములకు లోబడి ఆధారపడిన తలిదండ్రులకును వైద్యము లభించును. రోగమున పని మానవలసి వచ్చినచో, ఏడాదికి 91 దినములవరకు జీతములో నూటికి 70 వంతున ఇత్తురు. ఇందుకు ఆరు నెలల చందా కాలమున కనీసము 78 దినములకు చందా పడియుండవలెను. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ఫలము తరువాతి జనవరి మొదలు జూన్ వరకు. విత్తునాటి తప్పు పంటనాడు బయటపడినట్లు, నేడు కట్టని చందా కొన్ని నెలలకు గాని తెలియదు. పనిలో గాయపడినవానికి ఈ 78 దినముల నియమము లేదు. పని చేయలేని కాలమునకు నూటికి 90 వంతున ఇత్తురు.

చేయవలసిన పనులు:

1. పనిలో చేరిన మొదటి నెలలోనే బీమా నంబరును, గుర్తింపు పత్రమును అడుగవలెను.

2. అందు కుటుంబీకుల పేర్లు చేరినవో లేదో చూడవలెను.

3. ప్రతి నెల 15వ తేదీ దాటిన పిదప, ఇ.ఎస్.ఐ. ఆన్‌లైన్ ఖాతాలో చందా పడినదో లేదో సరిచూడవలెను.

4. జీతపు చీటీలను దాచవలెను. చందా పడనిచో యజమానిని వ్రాతమూలముగా అడిగి, ఫలము లేనిచో ఇ.ఎస్.ఐ. కార్యాలయమున ఫిర్యాదు చేయవలెను. యజమాని చందా కట్టకపోయినను, ప్రయోజనమును పనివానికి చెల్లించి, ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుటకు చట్టమున దారి కలదు.

అడిగిన యజమానికి కోపము వచ్చునేమో యని కొందరు జంకుదురు. మన సంఘమున పొదుపు కట్టి పాసుబుక్కులో వ్రాయించుకొనుట కార్యదర్శిని అనుమానించుట యగునా? న్యాయముగా నడచు యజమాని లెక్క చూపుటకు వెనుదీయడు.

వచ్చు సభకు ప్రశ్నలు: రూ. 16,000 జీతమునకు ఎవరి వాటా ఎంత? మీ ఇంట కార్ఖానాకు పోవువాని బీమా నంబరు ఏది? రెండవదానికి జవాబు రాని సభ్యులు జీతపు చీటీ వెంట తెండు, కలసి చూచుదము.