పాత బట్టల విక్రయము – ఆరోగ్య రక్షణ

వాడుక మానిన బట్టలను పారవేయక సంతలో అమ్ముకొనుట మంచిదే. సూరత్ నగరమున మరమగ్గముల పనిపై జీవించు తెలుగు కుటుంబములు లింబాయత్ మొదలగు పేటలలో పెక్కు కలవు. పాత చీరలు పుచ్చుకొని స్టీలు గిన్నెలిచ్చు స్త్రీలను వారెరుగుదురు. ఆ చీర ఉతికి, బాగుచేయబడి, సంతలో మరియొకరి ఒంటికెక్కును.

అయితే బట్టతో రోగము కూడ చేతులు మారవచ్చును. ట్యూనిస్ నగరమున షార్ల్ నికోల్ అను వైద్యుడు ఒక విశేషము గమనించెను. టైఫస్ జ్వరరోగులు ఆసుపత్రి వాకిట బట్టలు విడిచి స్నానము చేసిన పిమ్మట ఎవరికిని రోగమంటించుట లేదు. వారి బట్టలు ముట్టినవారు మాత్రము జ్వరపడుచుండిరి. ఈ జ్వరమును వ్యాపింపజేయునది ఒంటిపేను అని ఆయన 1909లో నిరూపించెను. అది బట్టల కుట్లలో గ్రుడ్లు పెట్టును. నేడు టైఫస్ అరుదు. గజ్జి అరుదు కాదు.

కావున అమ్మువారే ముందుగా శుభ్రపరుపవలెను. (ఉతికిన బట్టకు ధరయు మెరుగుగా పలుకును.) నూలు బట్టలను మరుగునీట ఉడికించి, ఎండలో ఆరవేసి, కుట్ల వెంబడి ఇస్త్రీ చేయవలెను. సూరత్‌లో విస్తారముగా తయారగు పాలియెస్టరు మరుగునీట ముడతలుపడి చెడును. దానిని సబ్బుతో ఉతికి, తేమ లేకుండ ఆరిన పిమ్మట, సంచిలో బిగించి రెండు వారములుంచవలెను. గజ్జిపురుగు శరీరమును వీడిన రెండు మూడు దినములలో చచ్చును. ఆహారము లేని పేను వారము మించి బ్రతుకదు. ఆలోపల గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలును నశించును.

ఇంట గజ్జి యున్నచో చికిత్స ముగియువరకు బట్టలను అమ్మకమునకు పెట్టరాదు. కొనువారు, ఉతికితినని అమ్మువాడు చెప్పినను, మరల ఉతికియే తొడుగవలెను; చంటిబిడ్డల బట్టల విషయమున ఇది మరింత ముఖ్యము.